నువ్ అటు జూస్తున్నవనుకున్న

ఈమధ్య ఒక సదస్సులో ఒక పరిశోధక విద్యార్థిని చదివిన పత్రం విన్నాను. విషయం కొత్తది. చదివిన తీరులో ఆత్మవిశ్వాసం ఉంది. హెలెన్ లెవిట్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన లైకా కెమెరాకు తగిలించుకున్న రైట్ యాంగిల్ వ్యూఫైండర్ గురించి ఆ పత్రం. కెమెరాను ఎదుటి మనిషి మీదికి తుపాకీలా గురిపెట్టడం పురుషుల పద్ధతి అనీ, లెవిట్ పక్కకు తిరిగి నిలబడి ఫొటోలు తీయడం ద్వారా ఆ హింసను తిరస్కరించిందనీ, కాబట్టి ఆ చిన్న పరికరం ఒక స్త్రీవాద సాధనమనీ ఆ అమ్మాయి ప్రతిపాదన. మన ప్రబంధ నాయికల ఓరచూపును కూడా పత్రం చివర్లో ఇందులోకి తెచ్చింది. ఎదురుగా చూసే హక్కు లేని స్త్రీ పక్కచూపునే తన ఆయుధంగా మార్చుకుందని ముగించింది. హాలంతా చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న మిత్రురాళ్లు, స్త్రీవాద విమర్శలో పాతికేళ్లు గడిపినవాళ్లు, వాళ్లు కూడా కొట్టారు.

నేను కొట్టలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. చదువుకున్నదాన్ని శ్రద్ధగా ఆలోచించింది. నా పేచీ ఆ చప్పట్లతో. ఎందుకంటే ఆ పరికరాన్ని నేను రెండేళ్లు వాడాను. దానితో ఒక మనిషికి నష్టం చేశాను. ఆ సంగతి చెప్పేముందు అసలు ఆ వస్తువు ఏమిటో, ఎలా పనిచేస్తుందో చెప్పాలి. మన సిద్ధాంత చర్చల్లో తరచూ వస్తువు మాయమైపోయి రూపకం మాత్రం మిగులుతుంది. వస్తువును చేతిలోకి తీసుకుని చూస్తే కొన్ని రూపకాలు నిలబడవు.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం చూసే కిటికీ వేరు, ఫిల్ముకు దారి ఇచ్చే లెన్సు వేరు. కెమెరా పైభాగంలో ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అక్కడ రెండు బొమ్మలు కనిపిస్తాయి. లెన్సును తిప్పుతూ ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చునేదాకా సరిచేస్తే ఫోకస్ కుదిరినట్టు. చూపూ లెన్సూ వేర్వేరు కాబట్టే ఆ కిటికీని వదిలేసి, కెమెరా నెత్తిన ఉండే చిన్న గాడిలోకి మరో వ్యూఫైండర్‌ని తోసుకునే వీలుంది. జర్మన్లు వింకెల్‌జూకర్ అని పిలిచేది అలాంటిదే. లోపల అద్దమో పట్టకమో ఉండి చూపును తొంభై డిగ్రీలు మళ్లిస్తుంది. మీరు తూర్పుకు తిరిగి, కెమెరాను కంటి దగ్గర పెట్టుకుని నిలబడతారు. లెన్సు మాత్రం దక్షిణానికి ఉంటుంది. చూసేవాళ్లకు మీరు తూర్పున ఉన్న గోపురాన్నో గోడనో ఫొటో తీస్తున్నట్టు కనిపిస్తుంది. దక్షిణాన ఉన్న మనిషి తనను ఎవరూ చూడటంలేదనుకుంటుంది.

దీనికి ఇబ్బందులున్నాయి. ఒక్క అద్దమే ఉన్న రకంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. నడిచే మనిషి ఒకవైపు వెళ్తుంటే మీ చెయ్యి రెండోవైపు తిరుగుతుంది. ఫోకస్ సరిచేసే కిటికీ మీ కంటికి అందదు కనుక దూరం ఊహించుకోవాలి. యాభై మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 8 దగ్గర పెట్టి, దూరాన్ని పది అడుగులకు కట్టేస్తే సుమారు ఎనిమిది అడుగుల నుంచి పదమూడు అడుగుల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. అంటే ముందే లెక్క వేసుకోవాలి. ముందే చోటు చూసుకోవాలి. మీకు కావలసిన మనిషికి పది అడుగుల దూరంలో, ఆమెకు పక్కగా, మరో దిక్కుకు మొహం పెట్టి నిలబడి వేచి ఉండాలి. సిగ్గుపడే మనిషి చేసే పని కాదిది. వేటకు మాటు వేసే మనిషి చేసే పని. తుపాకీ రూపకాన్ని తిరస్కరించామని చప్పట్లు కొట్టినవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక చరిత్ర. ఈ పక్కచూపును స్త్రీలు కనిపెట్టలేదు. 1916 ప్రాంతంలో న్యూయార్క్ వీధుల్లో పాల్ స్ట్రాండ్ తన కెమెరాకు పక్కన ఉత్తుత్తి లెన్సు బిగించుకుని, ఒకరివైపు తిప్పినట్టు నటిస్తూ ఇంకొకరిని తీశాడు. అతని ఆ కాలపు చిత్రాల్లో అన్నిటికన్నా పేరుపొందింది, మెడలో గుడ్డిదని రాసిన పలక వేలాడే ఒక స్త్రీది. 1917లో కెమెరా వర్క్ పత్రిక చివరి సంచికలో అచ్చయింది. ఫొటోగ్రఫీ చరిత్ర రాసిన ప్రతివాళ్లూ దాన్ని ఆధునికతకు ఆరంభంగా చెబుతారు. చూపులేని మనిషిని, చూపును దాచుకునే ఏర్పాటున్న కెమెరాతో తీసిన బొమ్మ దగ్గర మన ఆధునికత మొదలవడం ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. 1930లలో బెన్ షాన్ తన లైకాకు రైట్ యాంగిల్ వ్యూఫైండర్ తగిలించి న్యూయార్క్ పేటల్లోనూ, 1935 నుంచి ప్రభుత్వం తరఫున దక్షిణాది పల్లెల్లో కౌలుదార్లనూ కూలీలనూ తీశాడు. వాకర్ ఇవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు కింద కెమెరా దాచి, గుండీల మధ్య లెన్సు పెట్టి, చొక్కా చేతిలోంచి తీగ లాగి ఎదుటి ప్రయాణికులను తీశాడు. ఆ ప్రయాణాల్లో కొన్నిసార్లు అతనితో పాటు వెళ్లింది హెలెన్ లెవిట్.

అంటే లెవిట్ ఈ పద్ధతిని మగవాళ్ల దగ్గరే చూసి నేర్చింది. అందులో తప్పులేదు. తప్పు ఎక్కడుందంటే మనం మాట్లాడే తీరులో. షాన్ చేస్తే అది సామాజిక వాస్తవికత. ఇవాన్స్ చేస్తే నిర్మమకారం, శాస్త్రజ్ఞుడి తటస్థత. లెవిట్ చేస్తే మాత్రం బిడియం, సౌకుమార్యం, కవిత్వం! అదే అద్దం, అదే తొంభై డిగ్రీలు. ఆమె పద్ధతిని స్త్రీ సహజమైన పక్కచూపుగా మెచ్చుకునేవాళ్లు, స్త్రీవాదులైనా సరే, పాత పొగడ్తకే కొత్త చీర కడుతున్నారు. ఆమె బిడియస్తురాలు కావచ్చు. కానీ ఆమె పిల్లల ఆటలనూ గోడల మీది సుద్దముక్క బొమ్మలనూ తీసిన వీధుల్లో ఏళ్ల తరబడి తిరిగింది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు నొక్కాలో తెలిసిన వృత్తికారిణి. 1943లోనే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఆమె ఒంటరి ప్రదర్శన జరిగింది. ఆమెకు దక్కాల్సింది వృత్తికారిణిగా గౌరవం. వృత్తికారిణిగా గౌరవిస్తే వృత్తికారుణ్ణి అడిగే ప్రశ్నలే ఆమెనూ అడగాలి.

ఓరచూపు మాట కూడా తేల్చుకుందాం. మన కావ్యాల్లో క్రీగంటి చూపు ఎవరి కోసం? చూడబడేవాడికి తెలియాలనే కదా ఆ చూపు. వాడు పట్టుకోకపోతే అది వృథా అయిన చూపు. వాలుచూపు, ఓరచూపు, కొనచూపు అన్నీ ఎదుటి మనిషికి చేరే ఉత్తరాలు. కెమెరా నెత్తిన ఉన్న అద్దం పంపేది ఏదీ లేదు. అది తీసుకుంటుంది, అంతే. దానికి మన భాషలో సరైన మాట ఓరచూపు కాదు, చాటుచూపు. తలుపు సందులోంచి తొంగిచూడటాన్ని మన ఇళ్లలో ఆడపిల్లలు తిట్టే తిట్లన్నీ ఈ అద్దానికి వర్తిస్తాయి.

మరి నేనెందుకు వాడాను?

మా మేనమామ విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. అక్కడికి వచ్చిన సోవియట్ ఇంజనీరు ఒకాయన దగ్గర ఫెడ్ కెమెరా కొన్నాడు. లైకాకు నకలుగా 1934 నుంచి ఖార్కివ్‌లో, ఒక అనాథ పిల్లల కమ్యూన్‌లో మొదలుపెట్టి తయారుచేసిన కెమెరా అది. ఫెడ్ అన్నవి సోవియట్ రహస్య పోలీసు సంస్థ వ్యవస్థాపకుడు ఫెలిక్స్ ఎడ్మండోవిచ్ జెర్జిన్‌స్కీ పేరులోని పొడి అక్షరాలు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొంబాయి చోర్ బజారులో మావయ్య దానికి జోడీగా ఒక జర్మన్ రైట్ యాంగిల్ వ్యూఫైండర్ సంపాదించాడు. ఆయన పోయాక అత్తయ్య ఆ రెండూ నాకిచ్చింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో కుదురుకుని, వీధి వ్యాపారాల్లో స్త్రీల శ్రమ మీద పనిచేస్తున్నాను.

మొదట ఆ అద్దం లేకుండానే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు వెళ్లాను. చేతిలో కెమెరా ఉన్న ఒంటరి స్త్రీని చూడటానికి బజారంతా పనులు ఆపేసింది. కుర్రాళ్లు లెన్సుకు అడ్డం పడ్డారు. ఒకడు నా వెనకే వచ్చి పాటలు పాడాడు. ఏ పేపరు, ఎవరి మనిషివి, పెళ్లయిందా, మీవారేం చేస్తారు అని అడిగారు. కూరగాయలు అమ్మే స్త్రీలు నన్ను చూసి కొంగు సర్దుకుని బిగుసుకుపోయారు. మగవాడు కెమెరా పట్టుకుంటే వాడు చూసేవాడు. ఆడది పట్టుకుంటే ఆమె కూడా ఒక దృశ్యం. ఈ అసమానత నిజం. దీన్ని నేను తక్కువ చేయను. రెండోవారం ఆ అద్దం తగిలించుకుని వెళ్లి, శనగల బండి వైపు మొహం పెట్టి నిలబడితే కలిగిన స్వేచ్ఛ నాకింకా గుర్తుంది. నేను బజారులో మాయమైపోయాను. జీవితంలో మొదటిసారి ఒక బహిరంగ స్థలంలో ఎవరూ నన్ను చూడకుండా నేను అందరినీ చూశాను. ఆ రుచి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఆ పరికరం స్త్రీకి విముక్తి అంటే నాకు అర్థమవుతుంది. అర్థమవుతుంది కనుకే భయమేస్తోంది.

2001 చివర్లో ఒక మధ్యాహ్నం. నిమ్మకాయలు, పచ్చిమిర్చి అమ్మే ఒక ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్దది. బేరాలు సద్దుమణిగాక అటూ ఇటూ చూసింది. నావైపూ చూసింది. నేను శనగల బండి వైపు తిరిగి ఉన్నాను. నిశ్చింతగా గోడవైపు జరిగి, జాకెట్టులోంచి గుడ్డసంచి తీసి, మడతలు విప్పి, నోట్లు లెక్కపెట్టుకుంది. లెక్క పూర్తయ్యాక ఆమె మొహంలోకి వచ్చిన వెలుగును నేను పది అడుగుల దూరం నుంచి పట్టుకున్నాను. ఆ రెండేళ్లలో నేను తీసిన ఫొటోల్లో అది అన్నిటికన్నా మంచిది. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

2002 మార్చిలో మహిళా దినోత్సవం సందర్భంగా ఒక దినపత్రిక నా వ్యాసంతో పాటు ఆ ఫొటో వేసింది. కింద ఆర్థిక స్వావలంబన గురించి ఒక వాక్యం పెట్టారు. ఆ వాక్యం నేను రాయలేదు, కానీ అభ్యంతరమూ చెప్పలేదు. తర్వాత రెండు నెలలకు మార్కెట్‌కు వెళితే ఆవిడే నన్ను పిలిచింది. ఎవరో చెబితే తెలిసిందట, ఫొటో తీసింది నేనని. పేపరు పొట్లాల కాయితంగా బజారుకు తిరిగొచ్చిందట. పక్క కొట్టు అతను నవ్వులాటగా ఆమె భర్తకు చూపించాడట. కూతురు పురుటికని ఆమె భర్తకు తెలియకుండా దాస్తున్న డబ్బది. దాస్తోందన్న సంగతే అతనికి తెలియదు. ఆ రాత్రి డబ్బు పోయింది. ఇంకేం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

"అక్కా, నాకు తెలియదు..." అని ఏదో మొదలుపెట్టాను.

"పైసలు పోయినయ్, పోతే పోయినయ్ మేడం," అంది. "గని నువ్ అటు జూస్తున్నవనుకున్న. నువ్ అటు మొఖం పెట్టి నిలవడ్డవ్ గదా. నన్నెప్పుడు జూసినవ్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కెమెరా తీసి అద్దం చూపించాను. ఆమె అందులోంచి చూసింది. పక్కనున్న గోడ, తన నిమ్మకాయల తట్ట కనిపించాయి. "మంచిగున్నది నీ యాపారం" అని తిరిగి ఇచ్చేసింది.

ఇరవై ఏళ్లకు పైగా ఆ మాటను తిప్పి తిప్పి చూస్తున్నాను. నాకు తోచింది ఇది. ఆమె తన ఏకాంతాన్ని కాపాడుకునే పని చేసింది. చుట్టూ చూసింది, ఎవరి మొహాలు ఎటున్నాయో లెక్క వేసింది. ఇంట్లో తలుపు వేసుకునే వసతి లేని స్త్రీలకు వీధిలో ఉండే ఒకే ఒక్క తలుపు ఎదుటివాళ్ల మొహాల దిశ. బస్టాపుల్లో, చెరువు గట్ల మీద, ఆస్పత్రి వరండాల్లో, పొలం గట్ల చాటున మనవాళ్లు ఈ లెక్క మీదే బతుకుతారు. ఎవరన్నా ఇటు చూస్తున్నారా లేదా అన్నదే వాళ్ల గోడ, వాళ్ల పరదా. నా అద్దం సరిగ్గా ఆ గోడకే కన్నం వేసింది. ఎదురుగా కెమెరా ఎత్తి ఉంటే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది, లేదా నన్ను తిట్టేది. ఆ రెండు హక్కులనూ నేను ముందే తీసేసుకున్నాను. ఎదురుచూపు హింస అన్నారు కదా సదస్సులో. ఎదురుచూపులో కనీసం ఎదుటి మనిషికి కాదనే వీలుంది.

చట్టం ఇక్కడ నా పక్షాన ఉంది, ఆమె పక్షాన లేదు. 2013లో శిక్షాస్మృతిలో 354సి సెక్షన్ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 77వ సెక్షన్ అయింది. చాటుగా స్త్రీని చూడటం, ఫొటో తీయడం నేరమే. కానీ అక్కడ చెప్పిన ఏకాంత చర్య అంటే శరీర భాగాలకు, మరుగుదొడ్డికి, లైంగిక చర్యకు సంబంధించింది. డబ్బు లెక్కపెట్టుకోవడం అందులోకి రాదు. స్త్రీ ఏకాంతమంటే ఆమె దేహమేనని చట్టం అనుకుంటుంది. ఆమె సంచి, ఆమె లెక్కలు, ఆమె దాపరికాలు ఏకాంతం కిందికి రావు. అయితే అదే సెక్షన్‌లో ఒక మంచి వివేచన ఉంది. ఫొటో తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన దాన్ని పంచడానికి ఒప్పుకున్నట్టు కాదని స్పష్టంగా రాశారు. ఆ వివేచనను మన పుస్తకాల అట్టలకు, పరిశోధన గ్రంథాలకు, పత్రికలకు మనమే వర్తింపజేసుకోవచ్చు. దానికి కోర్టు అక్కర్లేదు. న్యూయార్క్‌లో ఫిలిప్ లోర్కా డికోర్సియా వీధిలో దాచిన వెలుగులతో తీసిన మొహాలలో తనది ఉందని ఒక వృద్ధుడు తన మతవిశ్వాసం పేరిట దావా వేస్తే, 2006లో కోర్టు అది కళ అని కొట్టేసింది. కళ అన్న మాట ఆ కోర్టులో ఒక మనిషి అభ్యంతరం కన్నా బరువు తూగింది. మన సాహిత్య చర్చల్లో కూడా చాలాసార్లు అంతే తూగుతోంది.

సరే, అయితే అంగీకార పత్రాలు ఉన్నాయి కదా అంటారు విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రురాళ్లు. ఉన్నాయి. ఇంగ్లీషులో రెండు పేజీలు, కింద వేలిముద్రకు చోటు. చదవలేని భాషలో, తెలియని ప్రయోజనానికి, పొలం పని మధ్యలో వేయించుకున్న వేలిముద్ర కూడా రైట్ యాంగిల్ అద్దమే. మన మొహం ఆమెవైపు ఉంటుంది, మన లెన్సు పదోన్నతి వైపు ఉంటుంది. కాయితం ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. మనం ఎటు చూస్తున్నామో ఆమెకు తెలుసా లేదా అన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న కెమెరాలతో ఆగదు. మన కథల్లో, ఆత్మకథనాత్మక వ్యాసాల్లో ఇంట్లో పనిచేసే స్త్రీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఆమె మన గిన్నెలు తోముతున్నప్పుడు మనం పుస్తకం చదువుకుంటున్నట్టు కూర్చుని ఆమె భర్త తాగుడును, ఆమె వీపు మీది వాతలను, ఆమె ఫోన్‌లో ఏడ్చిన మాటలను రాసుకోలేదా? ఆ కథకు బహుమతి వచ్చిన రోజు ఆమె మనింట్లో టీ కప్పులు అందించలేదా? మగ రచయితలు మనల్ని చూసిన చూపును మనం ఎండగట్టాం. లారా మల్వీ 1975లో సినిమా గురించి రాసినదాన్ని తరగతి గదుల్లో బోధించాం. 1993లో నీలిమేఘాలు వచ్చినప్పుడు మన దేహాల గురించి మనమే మాట్లాడతామన్నాం. మరి పదేళ్లకు, 2003లో, గోగు శ్యామల సంపాదకత్వంలో నల్లపొద్దు వచ్చింది. 1921 నుంచి దళిత స్త్రీలు రాసిన సాహిత్యం అందులో ఉంది. ఎనభై ఏళ్లుగా వాళ్లు రాస్తున్నారు. మనం మాత్రం వాళ్లను పక్కనుంచి చూసి రాయడమే వాళ్లకు గొంతునివ్వడం అనుకున్నాం. మగవాడి కెమెరా ముందు నిలబడ్డప్పుడు మనకు కలిగిన ఉక్కపోత మనకు సిద్ధాంతమైంది. మన కెమెరా ముందు నిలబడ్డవాళ్ల ఉక్కపోత మాత్రం ఫుట్‌నోట్ కూడా కాలేదు.

అలా కాకుండా చేయవచ్చని మన దగ్గరే రుజువుంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన మనకు తెలియని మన చరిత్ర తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గర కూర్చుని, వాళ్లు చెబుతుంటే విని, వాళ్ల మాటల్లో, వాళ్ల పేర్లతో అచ్చువేశారు. ఆ పనికి కూడా పరిమితులుండవచ్చు. కానీ చెప్పేవాళ్లకు తాము ఎవరికి చెబుతున్నామో తెలుసు. అది ఎదురెదురుగా కూర్చున్న చూపు.

నాకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. అందరినీ అడిగి తీస్తే లెవిట్ పిల్లలు ఆ ఆట ఆడేవాళ్లా? ఆడేవాళ్లు కాదు. ఆ బొమ్మలు లేని లోకం నాకిష్టమా? ఇష్టం కాదు. వాటిని తగలబెట్టమని నేననడంలేదు. చాటుచూపు ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు. దెబ్బలు కొడుతున్న పోలీసును, లంచం పుచ్చుకుంటున్న అధికారిని, పిండం ఆడదో మగో చెబుతున్న డాక్టర్ని చాటుగా తీయాల్సిందే. అడిగితే వాళ్లు చేతులు దాచుకుంటారు. ఇక్కడే మనం ఒక పోలిక చూడాలి. హెలెన్ లెవిట్ పుట్టిన 1913లోనే నవసారిలో హోమాయ్ వ్యారావాలా పుట్టింది. మన దేశపు మొదటి పత్రికా ఫొటోగ్రాఫర్ స్త్రీలలో మొదటిది. తొలినాళ్లలో ఆమె ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. 1942 నుంచి ఢిల్లీలో ప్రధానులను, వైస్రాయ్‌లను, రాణులను తీసింది. చీరకట్టుతో బరువైన కెమెరా మోస్తూ, మగవాళ్ల గుంపులో అందరికీ కనిపిస్తూ నిలబడి తీసింది. ఆమె తీసినవాళ్లకు తమను తీస్తున్నారని తెలుసు. తమకు ఇష్టంలేకపోతే ఆపించగల శక్తీ వాళ్లకుంది. అంటే పైనున్నవాళ్లను తీసేటప్పుడు ఎదురుగా నిలబడి మర్యాద పాటిస్తున్నాం. కిందనున్నవాళ్లను తీసేటప్పుడు అద్దం తగిలిస్తున్నాం. నా జీవితంలో ఏ వైస్ ఛాన్సలర్‌నూ నేను రైట్ యాంగిల్‌లో తీయలేదు. ఇవాన్స్ రైల్లో తీసిన మొహాలను పుస్తకంగా తేవడానికి 1966 దాకా ఆగాడు. పాతికేళ్లు. ఆ ఆగడంలో ఏదో ఒక ఎరుక ఉందనుకుంటాను. నేను ఆగింది మూడు నెలలు.

ఇప్పుడు ఫెడ్ కెమెరాలు ఎవరి దగ్గరా లేవు. కానీ ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది. మెసేజ్ చూసుకుంటున్నట్టు వంచి పట్టుకుని ఎదుటి సీట్లో నిద్రపోతున్న మనిషిని తీయడానికి ఏ జర్మన్ అద్దమూ అక్కర్లేదు. బస్సులో అలసిపోయిన ఒక స్త్రీ ఫొటో, దానికింద శ్రమ గురించి నాలుగు వాక్యాలు, వాటికి మనం పెట్టే మెచ్చుకోళ్లు. వీటిని పంచుకునేది మగవాళ్లు మాత్రమే కాదు. మనమూను.

అందుకే ఈ పత్రికతో సహా మన సంపాదకులను, గైడులను, నన్ను నేను కూడా, మూడు ప్రశ్నలు అడగమంటున్నాను. ఈ బొమ్మలో, ఈ కథలో, ఈ పత్రంలో ఉన్న మనిషికి తనను చూస్తున్నారని తెలుసా? తెలియకపోతే, చూసినవాళ్లు తర్వాతైనా ఆమె దగ్గరికి వెళ్లి చూపించారా? చూపించాక ఆమె వద్దంటే మానుకునే సిద్ధం ఉందా? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ మర్యాదలే తప్ప నీతి కాదు. ఇలా చేస్తే మంచి ఫొటోలు, మంచి కథలు కొన్ని పోతాయి. పోనివ్వండి. ఆమె పైసల గురించి అన్నట్టు, పోతే పోయినయ్.

ఆ తర్వాత నెల రోజులకు నేను మళ్లీ వెళ్లాను. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అంతగా ఇవ్వాలనుంటే ఒక ఫొటో తీసిమ్మంది. కూతురు, పుట్టిన పసిపిల్లతో వస్తుంది, ముగ్గురినీ కలిపి, మంచిగా, ముందట నిలబెట్టి. అద్దం తీసి సంచిలో పెట్టాను. మామూలు కిటికీలోంచి రెండు బొమ్మలూ కలిసేదాకా చూసి నొక్కాను. కొత్త చీర, బొట్టు, బిగుసుకున్న భుజాలు, మొహంలో ఏ వెలుగూ లేదు. నా లెక్కలో మంచి ఫొటో కాదు. దాన్నే ఆమె పెద్దది చేయించమంది. ఫ్రేము కట్టించి ఇచ్చాను. పాత ఫొటో నెగెటివ్ కూడా ఇచ్చేశాను. ఏం చేసుకుందో నాకు తెలియదు, అది ఆమె ఇష్టం.

ఆ సదస్సులో ఈ సంగతంతా లేచి చెప్పాల్సింది. టీకి ఆలస్యమవుతోందని అధ్యక్షురాలు అనడంతో ఊరుకున్నాను. చప్పట్లు కొట్టని మనిషిగా మిగలడం సులువు. ఆ అమ్మాయికి ఈ వ్యాసం పంపుతున్నాను. ఒప్పుకోకపోతే రాయమని కోరుతున్నాను, కానీ నా మొహం మీద, ఎదురుగా.